జింకకొకటి, పందికొకటి, మనుబోతుకొకటి కొనాలా?

ప్రశ్న: నమస్తే అండీ. మా సొంతూరు గుంటూరు దగ్గర పల్లెటూరు. ఇప్పుడు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటున్నాం. గ్రీన్ కార్డు ఉంది. మధ్య టెక్సాస్ కొండల ప్రాంతం హిల్ కంట్రీలో మా ఆఫీసు వాళ్లు తీసుకున్న డీర్ లీజులో (జింకల వేటకు అద్దెకు తీసుకునే నేల) ఈ సీజన్ నుంచి నన్నూ వాటా చేరమంటున్నారు. వాళ్లలో ఒకాయన ఉడుతలకు ఒక రైఫిల్, నక్కల్లాంటి కయోటీలకు ఒకటి, పందులకు ఒకటి, జింకలకు ఒకటి, సౌత్ టెక్సాస్‌లో నీల్‌గాయ్‌కి ఇంకొకటి అని ఐదింటి లిస్టు రాసిచ్చాడు. ఎప్పటికైనా కొలరాడోలో ఎల్క్ (అమెరికా పెద్ద జింక) వేటకు వెళ్లాలని నాకు కోరిక. నాది ఎడమచేతి వాటం. పన్నెండేళ్ల మా అబ్బాయిది కుడిచేయి, వాడూ వస్తానంటున్నాడు. ఇంట్లో ఐదు తుపాకులంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఖర్చు తలుచుకుంటే నాకూ టెన్షన్‌గానే ఉంది. మూడింటితో సరిపెట్టుకోవచ్చా? ఏ మూడు?

సమాధానం: మూడు కూడా ఇప్పుడే వద్దండీ. ఈ ఏడాది రెండు కొనండి: ఒక .22, ఒక .308 (ఈ అంకెలు తూటా మందాన్ని సుమారుగా అంగుళాల్లో చెప్పే పేర్లు). మూడోది వచ్చే ఏడాదో, ఆపై ఏడాదో చూద్దాం. అది కూడా నీల్‌గాయ్ కోసం కాదు, మీ అబ్బాయి కోసం.

మీ మిత్రుడి లిస్టులో తప్పేమీ లేదు. ఒక్కో జంతువుకు ఒక్కో రైఫిల్ పెట్టుకోవడం చాలామందికి సరదా, ఇరవై ఏళ్లుగా వేటాడేవాళ్ల ఇళ్లలో ఐదేమిటి, పది కూడా ఉంటాయి. కానీ ఆ లిస్టు జంతువుల్ని చూసి రాసింది. మీరు రాసుకోవాల్సింది మీ భుజాన్నీ, మీరు కాల్చబోయే దూరాన్నీ చూసి. కొత్తగా మొదలుపెట్టినవాడి చేతిలో ఐదు రైఫిళ్లుంటే ఏ ఒక్కదాని ట్రిగ్గరూ వేలికి అలవాటు కాదు. ఏది ఎంత దూరంలో ఎన్ని అంగుళాలు కిందికి కొడుతుందో గుర్తుండదు. ఆ తడబాటుకు బలయ్యేది కడుపులో తూటా దిగి, కనిపించకుండా పోయి, పొదల్లో రాత్రంతా బాధపడే జింక.

ముందు దూరం సంగతి. హిల్ కంట్రీ లీజుల్లో ఎక్కువగా జరిగేది మొక్కజొన్న గింజలు చల్లే ఫీడర్ ఎదురుగా బ్లైండ్‌లో (దాక్కునే చిన్న గుడిసెలో) కూర్చుని చేసే వేట. ఫీడర్‌కీ బ్లైండ్‌కీ మధ్య ఎనభై నుంచి నూట యాభై గజాలుంటుంది. అక్కడి వైట్‌టెయిల్ జింక అంత భారీది కూడా కాదు. ఆ దూరంలో, ఆ జంతువుకి .243 అయినా, 7ఎంఎం-08 అయినా, 6.5 క్రీడ్‌మూర్ అయినా, 1895 నాటి .30-30 అయినా సరిగ్గా సరిపోతుంది. ఇంటర్నెట్‌లో జనం కొట్టుకు చచ్చే తేడాలన్నీ మూడు వందల గజాలు దాటాక మొదలయ్యేవి.

అయితే .308 ఎందుకంటున్నాను? ఇది 1952లో వచ్చిన తూటా. టెక్సాస్‌లో ఏ చిన్న ఊళ్లో ఫీడ్ స్టోర్‌కు వెళ్లినా ఒక పెట్టె దొరుకుతుంది. లైట్ తూటా కావాలంటే 150 గ్రెయిన్లు (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), బరువైనది కావాలంటే 180 గ్రెయిన్లు, రాగితో చేసినది కావాలంటే అదీ ఉంటుంది. 150 గ్రెయిన్ల తూటా సెకనుకు సుమారు 2,800 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. నూరు గజాల దగ్గర రెండు అంగుళాలు పైకి కొట్టేలా స్కోపు (రైఫిల్ మీద గురి చూసే దుర్భిణి) సరిచేసుకుంటే రెండు వందల గజాల దగ్గర గురి పెట్టినచోటే తగులుతుంది, మూడు వందల దగ్గర ఎనిమిది, తొమ్మిది అంగుళాలు కిందికి దిగుతుంది. అంటే రెండు వందల గజాల లోపు మీరు ఏ లెక్కా వేయక్కర్లేదు, జంతువు ముందుకాలి వెనక మీద గురి పెట్టడమే. భుజానికి తగిలే దెబ్బ తెలుస్తుంది కానీ భయపెట్టదు. ఇరవై తూటాలు కాల్చాక కూడా కన్ను మూసుకోకుండా ట్రిగ్గర్ నొక్కగలరు.

మీ ఆఫీసులో ఎవరో ఒకరు క్రీడ్‌మూర్ పేరు చెప్పకుండా ఉండరు. 2007లో హార్నడీ వాళ్లు తెచ్చింది, మంచి తూటా, తన్నుడు ఇంకా తక్కువ. జింకలూ పందులూ మాత్రమే అయితే అదే తీసుకోండి అనేవాణ్ని. మీ ఉత్తరంలో నీల్‌గాయ్, ఎల్క్ ఉన్నాయి కాబట్టి కాస్త లావుపాటి తూటా వైపు మొగ్గాను. .30-06 తీసుకుంటానన్నా అభ్యంతరం లేదు. 1906 నుంచి ఈ ఖండంలో అది పడగొట్టని జంతువు లేదు. కాకపోతే తన్నుడు ఒక పిసరు ఎక్కువ, బోల్టు (తూటా ఎక్కించడానికి వెనక్కి లాగి తోసే, పక్కన పిడి ఉండే కడ్డీ) కొంచెం పొడవు. ఎక్కువ మందుగుండుతో గట్టిగా తన్నే మాగ్నమ్ మాత్రం మీకు వద్దు.

ఇక .22. మీ లిస్టులో అది ఉడుతల కోసం ఉంది. నా లెక్కలో అది మీ కోసం. .22 వాడే రిమ్‌ఫైర్ తూటా (అడుగు అంచు మీద దెబ్బ పడితే పేలేది) ఒక్కోటి పది సెంట్ల అటూ ఇటూ, .308 అయితే డాలరు పైమాటే. ఊపిరి పట్టడం, ట్రిగ్గర్‌ను మెల్లగా పిండటం, పేలాక కూడా గురి వదలకపోవడం, ఇవన్నీ ముందు .22తో చేతికి రావాలి. వేసవి అంతా దానితో కాల్చినవాడు నవంబరులో పెద్ద రైఫిల్ పట్టుకుంటే తేడా మీకే తెలుస్తుంది. ఉడుతలకీ కుందేళ్లకీ యాభై గజాల లోపు అది చాలు. ఒక్క హెచ్చరిక: టెక్సాస్‌లో వైట్‌టెయిల్ జింకను రిమ్‌ఫైర్‌తో కాల్చడం చట్టవిరుద్ధం. చిన్న తూటానే కదా అని తేలిగ్గా కూడా తీసుకోకండి, పైకి కాలిస్తే మైలు దాటి పోతుంది. చెట్టు కొమ్మ మీది ఉడుతను ఆకాశం వెనకాల పెట్టుకుని కాల్చకూడదు, దాని వెనక కాండం అడ్డుగా ఉంటేనే కాల్చాలి.

మీది ఎడమచేయి, అబ్బాయిది కుడిచేయి. ఇది మీ మిత్రుడి లిస్టులో లేని సంగతి, నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి. .22ను లీవర్ యాక్షన్‌లో (ట్రిగ్గర్ దగ్గరి పిడిని కిందికీ పైకీ ఆడిస్తే తర్వాతి తూటా ఎక్కేది) తీసుకోండి. హెన్రీ కంపెనీది సాదా మోడల్ చాలు. లీవర్ కింద ఉంటుంది కాబట్టి ఇద్దరికీ కుదురుతుంది, ఒకటే రైఫిల్‌తో తండ్రీకొడుకులు నేర్చుకోవచ్చు. దానిలో తూటాలు బారెల్ కింద గొట్టంలో ఉంటాయి. ఖాళీ అయిందనుకున్నాక కూడా ఒకటి లోపల మిగిలిపోవచ్చు. గొట్టం లోపలి రాడ్డు తీసి, లీవర్ రెండు మూడుసార్లు ఆడించి, ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోవడం మొదటి రోజే వాడికి అలవాటు చేయండి.

.308 మాత్రం బోల్ట్ యాక్షన్. ఎడమచేతి బోల్టుతో టిక్కా, సావేజ్ రెండూ చేస్తాయి. షాపులో అప్పటికప్పుడు దొరక్కపోవచ్చు, ఆర్డరిచ్చి ఆగాల్సి రావచ్చు, కాబట్టి అక్టోబరు దాకా నానబెట్టకండి. టిక్కా బోల్టు వెన్నలా జారుతుంది, సావేజ్ ధర తగ్గుతుంది, గురిలో రెండూ మీకన్నా నేర్పరులే. ఆర్డరిచ్చే ముందు ఒక పరీక్ష చేసుకోండి. రెండు చేతులూ చాచి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, దానిలోంచి దూరంగా ఉన్న గడియారాన్నో బల్బునో రెండు కళ్లతో చూడండి. తర్వాత ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు ఆ వస్తువు సందులోనే నిలుస్తుందో అది మీ బలమైన కన్ను. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లలో కుడికన్ను బలంగా ఉండేవాళ్లు తక్కువేం కాదు. మీదీ అదే అయితే రేంజ్‌కి వెళ్లి రెండు భుజాల మీదా కాల్చి చూసుకోండి, కుడిచేతి రైఫిలే సుఖంగా అనిపించవచ్చు. అప్పుడు డబ్బూ కలిసొస్తుంది, అబ్బాయితో పేచీ కూడా ఉండదు.

కయోటీకి .223 కావాలన్నాడు ఆయన. కాలిస్తే చాలు అనుకుంటే .308 కూడా దాన్ని పడగొడుతుంది. తోలు పాడైపోతుంది, అంతే. మీరు తోళ్లు అమ్ముకునే ఉద్దేశంలో ఉన్నారని నేననుకోను. పందికి వేరే రైఫిల్ అవసరమే లేదు. ముసలి మగపందికి భుజాల మీద తోలు కింద గట్టి డాలు లాంటి పొర ఉంటుంది, పైగా దాని గుండె మనం జింకలో వెతికే చోటు కన్నా ముందుకీ కిందికీ ఉంటుంది. అది తెలుసుకుని కాలిస్తే మీ జింకల తూటాయే దానికీ సరిపోతుంది. టెక్సాస్‌లో పంటల్ని తవ్విపోసే ఈ పందుల బెడద ఎంతంటే, 2019 సెప్టెంబరు నుంచి ప్రైవేటు నేలలో యజమాని అనుమతి ఉంటే వాటిని కాల్చడానికి లైసెన్సు కూడా అడగడం లేదు.

నీల్‌గాయ్ దగ్గర కాస్త ఆగాలి. మన మనుబోతే అది. కింగ్ రాంచ్ వాళ్లు గత శతాబ్దం మొదటి భాగంలో తెచ్చి వదిలితే సౌత్ టెక్సాస్ తీరప్రాంతపు గడ్డినేలల్లో స్థిరపడిపోయింది. మీ హిల్ కంట్రీలోనే దుప్పులున్నాయి, అక్కడ వాటిని యాక్సిస్ డీర్ అంటారు, 1932 ప్రాంతంలో వచ్చాయి. కృష్ణజింకలు కూడా ఉన్నాయి. దుప్పి తెలంగాణ రాష్ట్ర జంతువు, కృష్ణజింక ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వాటి మీద చేయి వేస్తే జైలే. కృష్ణజింక అనగానే మనవాళ్లకు సినిమా హీరో కోర్టు కేసు గుర్తొచ్చేది అందుకే. టెక్సాస్‌లో అవి బయటినుంచి వచ్చిన జంతువుల కింద లెక్క, వాటికి సీజన్ గానీ ఇన్నేనన్న పరిమితి గానీ లేదు. వేట లైసెన్సు మాత్రం ఉండాలి. కాల్చాలా వద్దా అన్నది మీ మనసుకు సంబంధించిన విషయం. దుప్పి మాంసం రుచి తెలిసినవాళ్లు మాత్రం వైట్‌టెయిల్ వైపు మళ్లీ చూడరని మా వైపు వేటగాళ్ల మాట, నేనూ ఒప్పుకుంటాను.

మగ మనుబోతు ఐదారు వందల పౌన్లు తూగుతుంది. మెడా భుజాల మీద దట్టమైన తోలు, లోపల గట్టి ఎముక. సరిగ్గా తగలకపోతే రక్తపు జాడ కూడా పెద్దగా వదలకుండా మైళ్లకు మైళ్లు పోతుంది. అందుకే అక్కడి గైడ్లు .300 విన్ మాగ్ తెచ్చుకోమంటారు, వాళ్ల మాటలో న్యాయముంది. మీ మిత్రుడూ అదే రాశాడు. కానీ ఆ రైఫిల్ .308 కన్నా ఒకటిన్నర రెట్లు గట్టిగా తంతుంది. నాలుగు దెబ్బలు తిన్న భుజం ఐదోసారి మీకు తెలియకుండానే ముందే బిగుసుకుంటుంది, కన్ను మూతపడుతుంది, తూటా ఎటో పోతుంది. ఈ జబ్బు ఒకసారి పట్టుకుంటే వదిలించుకోవడానికి మళ్లీ .22తో నెలలు పడుతుంది. జీవితంలో ఒకటి రెండుసార్లు వెళ్లే వేట కోసం ఇంత కొని తెచ్చుకోవడం నాకు నచ్చదు. నీల్‌గాయ్ వేట చేయించే రాంచ్‌లలో చాలాచోట్ల గైడు దగ్గరే రైఫిల్ ఉంటుంది, ముందే అడిగితే ఇస్తారు. వేటకు ముందురోజు రెండు మూడు తూటాలు కాల్చి చూసుకోండి. లేదా మీ .308లోనే తూటా మార్చి, నూట యాభై గజాల లోపు అయితేనే కాలుస్తానని గైడుతో ముందే చెప్పండి.

తూటా మార్చమన్నాను కదా, రైఫిల్ పేరు కన్నా నేను ఎక్కువ పట్టించుకునేది అదే. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలో ఒక మూస్‌ను (గుర్రమంత పెద్ద జింక జాతి) కాల్చాడు. చేతిలో మాగ్నమే ఉంది. కానీ మూస్ ఒంటినిండా ఎండిన బురద పట్టి ఉంది, మామూలు తూటాలు దాన్ని తాకి పైపైనే చితికిపోయాయి, లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి ఆయన చేసిన తూటాలో ముందొక సీసపు గది, వెనకొక సీసపు గది, మధ్య రాగి గోడ. ముందు భాగం విచ్చుకున్నా వెనక భాగం చెదరకుండా లోతుకు పోతుంది. 1948 నుంచి అది పార్టిషన్ పేరుతో అమ్ముడవుతూనే ఉంది. ఇప్పుడు సీసం, రాగి అతికించిన బాండెడ్ తూటాలు, పూర్తిగా రాగితో చేసినవి కూడా వచ్చాయి. ముక్కున సీసం బయటికుండే చవక సాఫ్ట్‌పాయింట్ తూటాతో .300 మాగ్నమ్ చేయలేని పనిని మంచి రాగి తూటాతో .308 చేస్తుంది. మీ ఇంట్లో పిల్లలు ఆ మాంసం తింటారు కాబట్టి జింకకు కూడా రాగిదే వాడమంటాను. సీసం తూటా తగిలినచోటు చుట్టూ కంటికి కనబడని ముక్కలు మాంసంలో చెదిరిపోతాయి. ఆ చుట్టుపక్కల మాంసం కోసి పారేసినా కొంత మిగులుతుంది.

ఎల్క్ కోరిక తీరే నాటికి మీరు ఇంతలా ఎవరినీ అడగక్కర్లేదు. కొలరాడో నిబంధన తెలిస్తే చాలు: ఎల్క్‌కు కనీసం .24 క్యాలిబర్ సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో దెబ్బ పడితే పేలేది), కనీసం 85 గ్రెయిన్ల తూటా. .308లో 165, 180 గ్రెయిన్ల బాండెడ్ తూటా ఆ గీత కన్నా చాలా పైన ఉంది. అక్కడ మీకు అడ్డొచ్చేది రైఫిల్ కాదు, తొమ్మిది వేల అడుగుల ఎత్తులో ఊపిరి.

మూడో రైఫిల్ అబ్బాయికి. .22తో ఒక ఏడాది గడిపాక, వాడికి ఇంకా ఆసక్తి ఉంటే కుడిచేతి బోల్టుతో .243 గానీ 7ఎంఎం-08 గానీ, పొట్టి స్టాకుతో కొనండి. .243 తన్నుడు .308లో సగానికి కాస్త పైన ఉంటుంది, 100 గ్రెయిన్ల తూటాతో జింకకు సరిపోతుంది. కాకపోతే చోటు తప్పితే క్షమించదు. నన్నడిగితే 7ఎంఎం-08 మేలు, వాడు పెద్దయ్యాక కూడా పనికొస్తుంది. ఇప్పుడే కొనకండి. పన్నెండేళ్ల పిల్లలు ఏడాదికి మూడు అంగుళాలు పెరుగుతారు, వాళ్ల సరదాలు అంతకన్నా త్వరగా మారతాయి.

మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలో చెప్తాను. స్కోపు 3-9x40 (మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపేది) చాలు, కానీ మూడు వందల డాలర్లకు తగ్గకుండా తీసుకోండి. దాన్ని బిగించే రింగులు సరిగ్గా లేకపోతే ఎంత మంచి స్కోపయినా దండగ. .308 తూటాలు ఒకే రకానివి ఒకేసారి ఐదారు పెట్టెలు కొనుక్కోండి. బెంచి మీద గురి కుదిరాక బెంచి వదిలేసి, కూర్చుని, మోకాలి మీద, షూటింగ్ స్టిక్స్ (రైఫిల్ ఆనించుకునే కర్రలు) మీద కాల్చండి. ఎనిమిది అంగుళాల పేపర్ ప్లేటు పెట్టుకుని, ఐదుకి ఐదూ దానిలో పడే దూరం ఎంతో చూసుకోండి. ఆ సీజన్‌కి మీ హద్దు అదే, మీ పక్కవాడు నాలుగు వందల గజాల కథలు ఎన్ని చెప్పినా సరే. చెవులకు రక్షణ లేకుండా ఒక్క తూటా కూడా వద్దు, ఒక్క పేలుడుకే వినికిడి శాశ్వతంగా దెబ్బతినవచ్చు.

కాగితాల పని కూడా ఉంది. మీరు 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉంటారు కాబట్టి హంటర్ ఎడ్యుకేషన్ తప్పనిసరి. మీరు ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయొచ్చు, అబ్బాయితో కలిసి క్లాసుకే వెళ్తే ఇంకా మంచిది. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు షాపులో మామూలుగానే కొనొచ్చు, ఫారం 4473 నింపాలి. పౌరసత్వం గడి దగ్గర తొందరపడకండి. పొరపాటున అమెరికా పౌరుడినని టిక్ పెడితే తుపాకి మాట అటుంచి ఇమిగ్రేషన్ చిక్కు వస్తుంది. ఇది చదివే హెచ్-1బీ వాళ్లకు ఒక మాట: మీకు తుపాకి ఉండటమే ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు లాంటి కొన్ని మినహాయింపులే ఉన్నాయి. టెక్సాస్ వార్షిక లైసెన్సు ఆగస్టు 31తో ముగుస్తుంది. రెన్యూ చేయడం మరిచిపోయి తుపాకి ఇంట్లో పెట్టుకుంటే సెప్టెంబరు 1 నుంచి మీ మీద కేసు పెట్టొచ్చు. స్నేహితుడి మాట నమ్మకుండా లాయరును అడిగాకే అడుగేయండి.

మీ ఆవిడ గారి మాట దగ్గరికొస్తే, ఐదు వద్దనడం సబబే. రెండింటికి ఒప్పుకోవాలంటే రైఫిల్ కన్నా ముందు సేఫ్ ఇంటికి రావాలి. గోడకో నేలకో బోల్టులతో బిగించండి, తూటాలు విడిగా తాళం వేసి పెట్టండి. సేఫ్ కోడ్ అబ్బాయికి తెలియకూడదు, వాడెంత బుద్ధిమంతుడైనా సరే. పదిహేడేళ్ల లోపు పిల్లల చేతికి లోడ్ చేసిన తుపాకి అందేలా వదిలేస్తే టెక్సాస్‌లో తల్లిదండ్రుల మీదే కేసు అవుతుంది. తుపాకి ఎక్కడుంటుంది, ఎలా తాళం వేస్తారు అన్నది ఆవిడకు కూడా చూపించండి. వీలైతే ఒకసారి రేంజ్‌కి కూడా తీసుకెళ్లండి, .22తో.

ఇంకొక్కటి, ఇది ఎవరూ చెప్పరు. రేంజ్‌కో లీజుకో తీసుకెళ్లిన బ్యాగును, జాకెట్టును ఇండియా ప్రయాణానికి ఎప్పుడూ వాడకండి. జేబు మూలలో మరిచిపోయిన ఒక్క .22 తూటా హైదరాబాదు ఎయిర్‌పోర్టు స్కానర్‌లో కనిపిస్తే ఆయుధాల చట్టం కింద కేసు పెట్టి పోలీసులకు అప్పగిస్తారు. అమెరికాలో లైసెన్సు ఉందంటే అక్కడ చెల్లదు. వేటకు ఒక బ్యాగు విడిగా కొని, దాని మీద పెద్ద అక్షరాలతో రాసి గరాజులోనే ఉంచండి.